ఉత్తరములు – ప్రత్యుత్తరములు: వానకాలపు చదువు

కోరుట్ల ప్రాంతమునుండి ఒక సోదరి మాకు నాలుగు పుటల ఉత్తరము వ్రాసియున్నారు. పేరు ప్రకటింపవలదని కోరిరి గనుక ప్రకటించుట లేదు. ఆమె భర్త చాల యేండ్లుగా దుబాయిలో పనిచేయుచున్నారు. ఇంట ఆమెయు, అత్తగారును, ఇద్దరు పిల్లలును. రెండెకరముల పొలమును రెండు బర్రెలును గలవు. తీరిక వేళల (ఈ మాట ఆమెది, మాది కాదు) బీడీలు చుట్టుచుందురు. పెద్దబిడ్డ జగిత్యాల దగ్గర పొలాసలోని వ్యవసాయ కళాశాలలో మూడు సంవత్సరములు ముగించి నాల్గవ సంవత్సరమున అడుగిడుచున్నది. ఈ వానకాలమున ఆ బాలిక కళాశాల విడిచి, ఒక పల్లెలో కొన్ని వారములు నివసించి, రైతుల వెంట తిరుగవలసియున్నది. సరిగా అదే సమయమునకు, శ్రావణమాసములో ముహూర్తము పెట్టుకొందమని ఒక మంచి సంబంధము వచ్చినది. వరుడును గల్ఫు దేశమున ఉద్యోగి. రెండు నెలల సెలవుమీద వచ్చుచున్నాడు. ఆ సెలవు దాటినచో మరల రెండేండ్లకుగాని రాడు.

"పొలము దున్నుటకు పట్టా యెందుకు, మనము చదువకయే దున్నుటలేదా యని మా తోడికోడండ్రు నవ్వుచున్నారు. బిడ్డను ఊరుగాని ఊరిలో ఉంచి పొలములవెంట తిప్పుట యేమి చదువని అత్తగారు అడుగుచున్నారు. నాకు జవాబు తోచుటలేదు. ఈ చదువేమిటో మీరైన విప్పి చెప్పుడు. పెండ్లి ముందా, చదువు ముందా?" అని ఆ సోదరి ప్రశ్న. చివర సిరా మారినది, మరునాడు వ్రాసినట్లున్నది. ఆ చివరి పంక్తిలో, "పంపవలసియే వచ్చినచో వెంట ఏమేమి యీయవలెను?" అని యున్నది.

ఈ చివరి పంక్తిని చూచి మేము కొంత ధైర్యము తెచ్చుకొంటిమి. ఆమె మనస్సు ఎటు మొగ్గుచున్నదో అందు కనబడుచున్నది. కాని ఒక లోపమును ముందుగా చెప్పక తప్పదు. ఉత్తరము నాలుగు పుటలు. అత్తగారి మాట యున్నది, తోడికోడండ్ర మాట యున్నది, వరుని మేనమామ మాట కూడ నున్నది. బిడ్డ యేమనుచున్నదో ఒక్క వాక్యమైనను లేదు. ఆ సోదరి కోపగింపక ఈ సంగతి గమనింపవలెను. దానికి తరువాత వత్తుము.

మొదట, ఈ చదువెట్టిది?

మన పెద్దలు హైదరాబాదు, బాపట్ల వంటి చోట్లకు పోయినగాని దొరకని చదువు నేడు కరీంనగరపు ఉత్తర ప్రాంతములకే వచ్చినది. జగిత్యాల దగ్గర పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము ముందునుండియే యుండెను. దాని ప్రక్కనే 2008లో వ్యవసాయ కళాశాల వెలసినది. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట సిరిసిల్ల దగ్గర జిల్లెళ్లలో మరియొక వ్యవసాయ కళాశాల వచ్చినది. ఈ రెండును ప్రొఫెసర్ జయశంకర్ పేరుగల వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందినవి. కోరుట్లలో పశువైద్య కళాశాల గలదు. అది పి.వి. నరసింహారావు పేరుగల పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది. బస్సులో పోయి సాయంత్రమునకు తిరిగిరాదగిన మూడు పట్టణముల దాపున మూడు విజ్ఞానశాస్త్ర కళాశాల లుండుట చిన్న సంగతి కాదు. పొలాస మాత్రము నిన్న మొన్నటి ఊరు కాదు. కాకతీయులకు పూర్వము పొలవాస ప్రభువు లేలిన చోటిది. రుద్రదేవుడు ఆ వంశపు మేడరాజును గెలిచినట్లు వేయిస్తంభముల గుడిలోని 1163 నాటి శాసనమున గలదు. అట్టి పాత రాజధానిలో నేడు ఆడపిల్లలు చేత కత్తెర పట్టుకొని వరికంకులముందు కూర్చుండుచున్నారు.

కత్తెర యేల యందురా? అక్కడనే ఈ చదువుయొక్క రహస్యమున్నది. వరిపూవును మనము పూవుగా చూడము. వెన్ను వచ్చినది, పాలు పోసుకొన్నది అందుము గాని, ఆ చిన్న పొట్టులో ఆరు కేసరములును, ఒక అండాశయమును ఉన్నవని యెరుగము. ఆ పూవు ఉదయము ఎండ పొడచిన పిమ్మట కొద్దిసేపు విచ్చి, తన పుప్పొడి తనమీదనే రాల్చుకొని మూసికొనును. రెండు రకముల గుణములు ఒక్క విత్తనమున చేర్పవలెనన్న, అది విచ్చుటకు ముందే పొట్టు కొనను కత్తెరతో కత్తిరించి, ఆరు కేసరములును సూదివంటి పట్టుకారుతో తీసివేసి, కాగితపు సంచి తొడిగి, మరునాడు వేరొక రకముయొక్క పుప్పొడి దానిపై దులుపవలెను. ఒక్క కంకిపై ఇట్టి పని గంటల తరబడి సాగును. జరీ అంచుపై నీరెండలో కుట్టుపని చేసినవారికి ఆ మెడనొప్పి తెలియును. ఇంత చేసిన పిమ్మట దొరకు గింజలు గుప్పెడైన నుండవు. వానిని విత్తి, ఏరి, మరల విత్తి, మరల ఏరి, రైతు చేతికి ఒక రకము వచ్చుటకు దాదాపు పదేండ్లు పట్టును.

ఆ పదేండ్ల ఫలము మన వంటింట నున్నది. జగిత్యాల సన్నాలు అను పేరు వినని యిల్లు ఆ ప్రాంతమున నుండదు. పరిశోధకుల పుస్తకములలో దానిపేరు జె.జి.ఎల్. 1798. ఉల్లికోడు పురుగును తట్టుకొనునట్లు పొలాసలో పెంచిన సన్నరకము. ఆ స్థానమునుండియే వచ్చిన మరియొక వరికి బతుకమ్మ అని పేరుపెట్టిరి. సంకురాత్రికి సకినాలలో కలుపు తెల్లనువ్వులలో శ్వేత అను రకము కూడ అక్కడిదే. తోడికోడండ్రు మరల నవ్వినచో, ఆ సోదరి వారికి అన్నము వడ్డించి, ఈ బియ్య మెక్కడివని అడుగవచ్చును.

ఇక బిడ్డ దినచర్య. నాలుగేండ్లలో ఎనిమిది సెమిస్టర్లు. తెల్లవారుటతోడనే పొలమున ప్రయోగపాఠము. ఎండ ముదిరిన పిమ్మట గదిలో పాఠములు. మధ్యాహ్నము నేలను పరీక్షించు ప్రయోగశాలయో, పురుగుల సూక్ష్మదర్శినియో. విద్యార్థుల చేతికి ఒక చిన్న మడి యిత్తురు. దున్నుట మొదలు కోతవరకు పని వారిదే. విత్తనమునకెంత, ఎరువునకెంత, కూలికెంత, గింజలెన్ని, మిగిలినదెంత అను లెక్క వ్రాసి చూపవలెను. లెక్క తప్పినచో మార్కులు పోవును. తమ మడిలో కలుపు తీయుటకు కూలి వ్రాసికొనక, "మేమే తీసితిమి గదా" అని ఊరకున్న విద్యార్థినులను ఉపాధ్యాయులు మందలించుట మాకు తెలియును. స్వంత శ్రమకును కూలి కట్టవలెనని శాస్త్రము. మన యిండ్లలో ఈ శాస్త్ర మింకను ప్రవేశింపలేదు.

సెలవులకు ఇంటికి వచ్చు బిడ్డ సంచిలో చీరెలతోపాటు ఒక అట్టపెట్టె యుండును. తెరచినచో నాఫ్తలీను వాసన. లోపల వరుసగా సూదులకు గ్రుచ్చిన పెంకుపురుగులు, సీతాకోకచిలుకలు, మిడుతలు, ఒక్కొక్కదాని క్రింద చీటీ. అది పురుగుల శాస్త్రమునకు సమర్పింపవలసిన సంగ్రహము. దీపముచుట్టు చేరు పురుగులను మనము చీపురుతో ఊడ్చివేయుదుము. ఆమె సీసాలో పట్టును. ఒక యింట పసిబాలుడు ఆ పెట్టెను బొమ్మల పెట్టె యనుకొని ఆరు నెలల కష్టమును ఒక్క మధ్యాహ్నమున నుగ్గుచేసినాడు. ఆ పెట్టెను అటకమీద పెట్టుటకు తావియ్యవలెనని తల్లులకు మా ప్రార్థన. ఇట్లే కలుపు మొక్కలను పాతపత్రికల నడుమ నొక్కి ఆరబెట్టి, అట్టలకంటించి, పేర్లు వ్రాయవలెను. గునుగు కూడ ఆ పట్టికలో కలుపు మొక్కయే! భాద్రపదమున పరీక్షకు దానిని కలుపని వ్రాసి, అమావాస్యనాడు అదే గునుగును తంగేడుతో పేర్చి బతుకమ్మను చేయుట ఆ బాలికలకు అలవాటు. మందులు చల్లి గునుగును చంపివేయుటచేత కొన్ని పల్లెలలో పండుగనాటికి పూవు దొరకుట లేదు. బజారులో రంగు పూసిన గునుగు కొనవలసి వచ్చుచున్నది.

ఇప్పుడు అసలు సంగతి, పల్లెలో నివాసము. దీనిని గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ మందురు. వ్యవసాయము చదివిన పట్టభద్రులకు పుస్తకమేగాని పొలము తెలియుటలేదని 1970 దశకము చివర రంధావాగారి సంఘము పరిశీలించి, విద్యార్థులు తప్పక పల్లెలో నుండి రైతు పనిని చూడవలెనని సలహా యిచ్చినది. నాటినుండి దేశమంతట క్రమముగా ఆచరణలోనికి వచ్చినది. కాబట్టి అత్తగారు అనుకొనునట్లు ఇది ఒక కళాశాలవారి వింత పోకడ కాదు. ఇది లేక పట్టాయే లేదు. చివరి సంవత్సరమున ఒక సెమిస్టరు దీనికే కేటాయింతురు. విద్యార్థినులను జట్టులుగా చేసి గ్రామములకు పంపుదురు. ఒక్కొక్కరికి ఒక రైతుకుటుంబము నప్పగింతురు. ఆ రైతు చేయు ప్రతిపనికి ఆమె వెంటనుండవలెను. నారుమడి, నాట్లు, ఎరువు, మందు, కలుపు, అన్నియు దినచర్య పుస్తకమున వ్రాయవలెను. ఉపాధ్యాయులు వచ్చి చూచిపోవుచుందురు. మిగిలిన వారములు పరిశోధన స్థానములలోను, ఎరువులు, విత్తనములు, ఆహారపదార్థములు తయారుచేయు పరిశ్రమలలోను పని నేర్చుకొనుట.

ఆ పల్లె పనులలో మొదటిది వినిన మన పాఠకురాండ్రు సంతోషింతురు. గ్రామచావడిముందు నేల అలికి, ముగ్గుపిండితోను, రంగులతోను, ఊరి పటము వేయుట! చెరువెక్కడ, కాలువ యెటు పారును, గుడి, బడి, బోరుబావులు, ఎఱ్ఱనేల యెక్కడ, నల్లరేగడి యెక్కడ, అన్నియు ముగ్గులోనే. గీయువారు విద్యార్థినులు కారు, ఊరివారు. విద్యార్థిని ప్రక్కన నిలిచి అడుగుచుండును. ఏ సంస్థ ఊరివారికి దగ్గర, ఏది దూరము అని తెలియుటకు వేయు పటమునకు చపాతీ పట మని పేరు. పెద్ద చిన్న రొట్టెలను దగ్గరగా దూరముగా పేర్చినట్లుండును. సహకారసంఘపు రొట్టె చిన్నదా పెద్దదా యని మొగవారు వాదులాడుకొనుట చూడదగినది.

కాని మేము ఎన్నటికి మరువలేనిది కాలపట్టిక. జగిత్యాలకు చేరువలోని ఒక గ్రామమున మేము దానిని కన్నులార చూచితిమి. నేలమీద పండ్రెండు గడులు గీసి, చైత్రము మొదలు ఫాల్గునము వరకు పేర్లు చెప్పి, ఏ మాసమున పని యెక్కువో ఆ గడిలో అన్ని చింతగింజలు వేయుడని ఆ బాలిక చెప్పెను. మొదట మొగవారు వేసిరి. ఆషాఢ శ్రావణములు నాట్లకు నిండినవి. కార్తికము కోతకు నిండినది. పుష్యమాఘములలో యాసంగి నాట్లకును పసుపు త్రవ్వకమునకును గింజలు పడినవి. వైశాఖపు గడిలో వారు రెండే గింజలు వేసి, నవ్వుచు లేచిపోయిరి. పిమ్మట స్త్రీలు కూర్చుండిరి. వారి చేతి గింజలు పట్టక ఇంకొక గుప్పెడు తెప్పింపవలసి వచ్చినది. నాట్లు, కలుపు, కోత యుండనే యున్నవి. బర్రెకు వైశాఖమైన నేమి, కార్తికమైన నేమి? బీడీకి ఏ మాసము సెలవు? వైశాఖమున నీటికి దూరము పోవలెను, పచ్చళ్లు పెట్టవలెను, వడియములు ఆరబెట్టవలెను, పెండ్లిండ్లకు వండవలెను. వారి పండ్రెండు గడులలో ఖాళీ గడి లేదు. ఒక ముసలమ్మ వైశాఖమునకు గింజలు వేయుచు, "ఇవి లెక్కకు వచ్చునా బిడ్డా?" అని యడిగినది. ఆ బాలిక కొంతసేపు పలుకలేదు. మొగవారి పట్టికయు, స్త్రీల పట్టికయు, రెంటిని తన రికార్డులో ఎదురెదురు పుటలలో వ్రాసికొన్నది.

కోరుట్ల సోదరీ, మీ బిడ్డ పోవునది ఇట్టి పనికి. ముప్పది యేండ్లనుండి మొగ అధికారులు రైతు నడిగి వ్రాసికొనిపోయిన పట్టికలలో ఆ ముసలమ్మ గింజలు చేరలేదు. ఊరి ఆడువారు తమ కష్టము చెప్పుకొనుటకు ఎదుట ఆడుబిడ్డ యుండవలెను. పసుపు ఉడుకబెట్టునపుడు నురుగు వచ్చి వాసన మారినంతనే దింపవలెనని మీకు తెలియును గదా. ఎవరు వ్రాసికొనిరి? అట్టివి వ్రాసికొనుట కూడ ఆమె చదువే.

మీ యూరనే పశువైద్యము చదువు బాలికల సంగతియు ఒకమాట. ఆ చదువు ఇంకను పొడవైనది, అయిదున్నర సంవత్సరములు. అందు చివరి సంవత్సరమంతయు ఆసుపత్రులలోను, పశుశాలలలోను చేతిపనియే. వారి ఏటిప్రణాళిక మన కాలచక్రముతోనే నడచును. తొలకరికి ముందు పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు, మేకలకు గొఱ్ఱెలకు చిటుకరోగపు టీకా, వానలు పడిన పిమ్మట గొఱ్ఱెలలో నీలినాలుక భయము. వీరికి అన్నిటికంటె కష్టమైనది బర్రె ఎదను కనుగొనుట. ఆవు అరచి చెప్పును. బర్రె, ముఖ్యముగా ఎండకాలమున, చెప్పదు. దానిని మూగయెద యందురు. తెలవారుజామున పాలు పితుకునపుడు మేత తక్కువ తినినది, పాలు చేపలేదు, తీగ కనబడినది అని గమనించునది ఇల్లాలే. ఒకమారు తప్పినచో మరల ఇరువదియొక్క దినములు. ఆ ఇరువదియొక్క దినముల మేత దండుగ. డాక్టరు మొగవాడైనచో ఆ తీగ మాట చెప్పుటకు మన పల్లెస్త్రీలు సిగ్గుపడి, మగనితో చెప్పించి, ఆ మగడు సగము మరచి, సూది వేయు సమయము దాటిపోవుచుండును. ఆడుడాక్టరు వచ్చినపుడు బర్రెలు ఎక్కువగా కట్టుట మేము ఊహించి చెప్పుమాట కాదు. పాలవారి నడుగుడు, చెప్పుదురు.

సరే, భయముల మాట. ఊరుగాని ఊర ఆడుబిడ్డ యేమగునో అను అత్తగారి భయమును మేము నవ్వివేయము. ఆమె కాలమున ఆ భయమునకు కారణములుండెను. ఇప్పుడును లేకపోలేదు. కాని ఒంటరిగా పంపరు. జట్టుగా ఉందురు, అద్దెయింటనో పంచాయతీవారు చూపిన యింటనో. ఆ యిల్లు ముందుగా ఒకమారు మీరే పోయి చూచిరండు. తలుపునకు లోపలి గడియ యున్నదా, మరుగుదొడ్డి యిం‌టిలోనిదా, వీధిచివరిదా, స్నానమునకు చాటున్నదా యని చూడుడు. లేనిచో సంకోచింపక ఉపాధ్యాయులకు చెప్పుడు. ఋతుదినములలో పొలమున గంటలు నిలుచుట ఎట్లని బిడ్డ మీతో చెప్పకపోవచ్చును. మీరే అడుగుడు. ఆ దినములలో దినచర్య వ్రాతపని పెట్టుకొని, పొలముపని తోటివారితో మార్చుకొనవచ్చును. ఇది సిగ్గుపడవలసిన మాట కాదు.

మేము నిజముగా భయపడునది మనుష్యులకంటె పాములకు. వానకాలము, వరిగట్లు, చీకటి. కట్లపాము నేలపై పండుకొన్నవారినే రాత్రివేళ కాటువేయును. గాయముకూడ కనబడదు. కాబట్టి మంచము, దోమతెర తప్పనిసరి. దోమతెర అంచులు పరుపుక్రింద దోపవలెను. గట్లమీద మోకాళ్లవరకు రబ్బరు బూట్లు. కాటు పడినచో కట్లు బిగించుట, కోయుట, మంత్రము వేయించుట కూడదు. కాలు కదలింపక నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. విరుగుడు మందు అచ్చట నుండును. పైరుపై మందు చల్లు దినమున గాలికెదురుగా నిలువరాదు. తిరిగివచ్చి స్నానముచేసి, ఆ బట్టలు విడిగా ఉతుకవలెను. ఇవి బిడ్డకు కళాశాలలో చెప్పియే యుందురు. తల్లి చెప్పినచో మరల వినును.

ధనమునుగూర్చి ఆ సోదరి అడుగలేదు, అయినను చెప్పుచున్నాము. బీడీకార్మికుల పిల్లల చదువునకు కేంద్రప్రభుత్వ కార్మికశాఖవారు సహాయధన మిత్తురు. వృత్తివిద్యలు చదువువారికి సంవత్సరమునకు 25,000 రూపాయలవరకు గలదు. మీ పేర బీడీ గుర్తింపుకార్డు ఉండవలెను. దరఖాస్తు ప్రతి సంవత్సరము జాతీయ విద్యార్థివేతనముల జాలస్థలమున చేయవలెను, గడువు దాటనీయరాదు. కార్డు తమ పేరగాక అత్తగారి పేరనున్నందున ఈ సహాయము పోగొట్టుకొనిన తల్లులు పెక్కుమంది మాకు వ్రాసియున్నారు. మూడేండ్లుగా మీరు దీనిని పొందియుండకున్నచో మిగిలిన యొక్క సంవత్సరమైనను విడువకుడు. మీరు చుట్టు కట్టలు ఇప్పటికే ఆమె చదువునకు ఇటుకలైనవి. ఆ మాట ఉత్తరమున మీరు వ్రాయలేదు గాని, హాస్టలు బాకీ ఎట్లు తీర్చితిరో వ్రాసినచోట మాకు కనబడినది.

పట్టా చేతికి వచ్చిన పిమ్మట నేమి? వ్యవసాయ విస్తరణాధికారుల ఉద్యోగములున్నవి. తెలంగాణమున సుమారు అయిదువేల ఎకరముల కొకరి చొప్పున వారిని నియమించు పద్ధతి పెట్టిరి. రైతువేదికలలో కూర్చుండువారు వారే. బ్యాంకులలో వ్యవసాయాధికారుల కొలువులు గలవు. పైచదువు కోరువారికి దేశమంతటికి ఒకే పోటీపరీక్ష గలదు. అందరికిని దొరకునని మేము చెప్పము. ప్రకటనలు ఆలస్యమగుచుండును, పోటీ హెచ్చు. ఏండ్లతరబడి గదిలో కూర్చుండి పోటీపరీక్షలకు చదువు బాలికలను మేమెరుగుదుము. కాని మూడేండ్లు చదివి, ఒక్క యేటి చదువు మిగిలియుండగా ఆగిన వారికి ఈ ద్వారములలో ఒక్కటియు తెరచుకొనదు. ఏడు సెమిస్టర్ల చదువునకు పట్టా యీయరు.

ఇక పెండ్లి. మేము పెండ్లికి విరోధులము కాము. సంబంధము మంచిదని మీరు వ్రాసితిరి, నమ్మితిమి. కాని శ్రావణమున పెండ్లియైనచో ఏమి జరుగునో లెక్క వేయుడు. పల్లెనివాసము సరిగా ఆ మాసములలోనే. పెండ్లిపనులకు, వ్రతములకు, అత్తవారి యింటికి పోయివచ్చుటకు ఎన్ని దినములు పోవును? హాజరు తక్కువైనచో ఆ సెమిస్టరు మొత్తము పోవును. మరల చేయుటకు వచ్చు వానకాలము వరకు ఆగవలెను. అప్పటికి ఆమె చేతిలో బిడ్డ యుండవచ్చును. "పెండ్లియైన పిమ్మట చదివింతుము" అని వరునివారు చెప్పిరని మీరు వ్రాసితిరి. వారు మనస్ఫూర్తిగానే చెప్పియుందురు. అయితే పెండ్లికి ముందు ఒక సంవత్సరము ఆగలేనివారు, పెండ్లియైన పిమ్మట కోడలు పల్లెలో ఒంటరిగా నుండుటకు ఒప్పుదురా? ఈ ప్రశ్న మీరు వారిని నోరువిడిచి అడుగవలెను. వారి జవాబు వినినంతనే మీకు సగము తేలిపోవును.

మా సలహా యిది. ఆ అబ్బాయి సెలవులో వచ్చినపుడు పూలుపండ్ల ముచ్చట చేయుడు. ఇద్దరిని ఎదురెదుట కూర్చుండబెట్టి మాటలాడనిండు. పెండ్లి ఆమె పరీక్షలు ముగిసిన పిమ్మటి ముహూర్తమునకు పెట్టుకొనుడు. సెలవు దొరకదందురేమో. గల్ఫునుండి తోబుట్టువు పెండ్లికి, తల్లి జబ్బునకు వచ్చినవారిని మన వాడవాడల చూచుచునే యున్నాము. తన పెండ్లికి రాలేడా? మీ వారును దుబాయిలోనే యున్నారు గనుక అచ్చటి సెలవుల సంగతి మాకంటె వారికి బాగుగా తెలియును. ముందు వారితో టెలిఫోనులో విప్పి మాటలాడుడు. ఉత్తరమున వారి అభిప్రాయముకూడ లేదు. ఇంత పెద్ద సంగతిని మీరొక్కరే మోయుచున్నట్లు మాకు తోచుచున్నది. ఆగుటకు వరునివారు ఒప్పనిచో సంబంధము పోవును. పోవుట కష్టమే, పదిమంది పదిమాటలందురు. అయినను అది ఒక సంబంధము, చదువు రెండవమారు రాదు. ఇది మా తీర్పు. మా తీర్పుతో ఏకీభవింపని పాఠకురాండ్రు వ్రాయవచ్చును.

అయితే ఇదంతయు ఎవరి మాట? మీ మాట, మా మాట. బిడ్డ మాట యింకను రాలేదు. ఆమెకు ఆ అబ్బాయి నచ్చి, తానే ఆ సంవత్సరమును వాయిదా వేసికొందునని చెప్పవచ్చును. లేదా పెండ్లి మాటయే ఇప్పుడు వలదనవచ్చును. విత్తనమును మొలకెత్తునో లేదో పరీక్షింపక చల్లరాదని నేర్చిన బిడ్డ, తన సంగతి ఆలోచింపక యుండునా? ఈ రాత్రి బీడీచాట ప్రక్కకు పెట్టి ఆమె నడుగుడు. అత్తగారు నిద్రించిన పిమ్మట నడుగుడు.

చివరి ప్రశ్నకు జవాబు. దోమతెర, రబ్బరు బూట్లు, చేతిదీపము, వానకోటు, తొందరగా ఆరు నూలుబట్టలు నాలుగు జతలు. సిరిసిల్ల నేతదుప్పటి యొకటి, అది ఉతికినకొలది మెత్తనగును. కాచి చల్లార్చిన నీటికి మూతగల బిందె. విరేచనములకు ఉప్పుచక్కెర పొట్లములు. ఋతుదినములకు వలయునవి రెండు నెలలకు సరిపడ, పల్లె దుకాణమున దొరకవు. తడవకుండ రికార్డులు పెట్టుకొనుటకు ప్లాస్టికు సంచులు. సకినాలు, సర్వపిండి కొంచెము హెచ్చుగానే చేసి యిండు. ఆమె వెంట నుండు జట్టువారందరును తిందురు. ఆమె నప్పగించు రైతుకుటుంబపు ఇల్లాలికి ఒక పసుపుకొమ్ముల మూట, మీ పొలములోనిదే, పంపుడు.

ఆ బాలిక మాకు స్వయముగా వ్రాసినచో, పేరు ప్రకటింపక, వచ్చు నెల ఈ శీర్షికలోనే ప్రకటింతుము.